ఎండకు ముదిరిన చర్మం, కణాలు లేని మందు

ముడతల కోసమో మంగు కోసమో తిరుపతిలోని చర్మ చికిత్సాలయాలకు వెళ్లేవారికి ఇటీవల ఎక్సోజోమ్ అనే మాట వినిపిస్తోంది. మూలకణాలను ప్రయోగశాలలో పెంచి, తరువాత ఆ కణాలను పక్కకు తీసేసి, అవి విడిచిన పదార్థాలను మాత్రమే చర్మంలోకి పంపితే ఎండకు ముదిరిన చర్మం మళ్లీ కోలుకుంటుందన్నది ఈ చికిత్సల వెనుక ఉన్న వాదన. మందులో కణాలు ఉండవు కాబట్టి వీటిని కణరహిత పునరుజ్జీవన చికిత్సలుగా వ్యవహరిస్తున్నారు. ఈ వాదనకు శాస్త్రీయమైన పునాది ఉంది, దాన్ని బొత్తిగా కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది. అయితే చికిత్స తరువాత ముఖంపై కనిపించే మార్పులో సీసాలోని ద్రవం వాటా ఎంత, ఆ ద్రవాన్ని లోపలికి పంపడానికి వాడిన సూది లేదా లేజర్ వాటా ఎంత అన్న లెక్క ఇంకా తేలలేదు. అది తేలకముందే చికిత్స అంగడికి వచ్చేసింది. మన ప్రాంతంలోని చర్మపు రంగులకు ఆ సూదీ లేజరూ కూడా కొంత కీడు చేయగలవు కాబట్టి, ఈ లెక్కను ఇక్కడివారు మరింత శ్రద్ధగా అడగవలసి ఉంది.

ముందుగా ఎండ ఏం చేస్తుందో చూడాలి. తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి, ఏప్రిల్ చివరలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరొకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. వేసవిలో మబ్బు లేని మధ్యాహ్నాల్లో అతినీలలోహిత సూచిక 11 దాటడం దక్షిణ భారతంలో మామూలు విషయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో అదే అత్యంత తీవ్రమైన స్థాయి. ఈ కిరణాల్లో 320 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల యూవీ-బి ఎక్కువగా పైచర్మంలోనే ఆగిపోయి అక్కడ మంటను, కమిలిపోవడాన్ని కలిగిస్తుంది. 320 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉండే యూవీ-ఏ మంట పుట్టించకుండానే లోపలి చర్మం దాకా దిగుతుంది, మామూలు కిటికీ అద్దం దాన్ని ఆపలేదు. 28 ఏళ్లపాటు సరుకుల బండి నడిపిన 69 ఏళ్ల అమెరికన్ డ్రైవరు ముఖచిత్రాన్ని 2012లో ఒక ప్రముఖ వైద్య పత్రిక ప్రచురించింది. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, ఆయన ముఖంలో కిటికీ వైపున్న ఎడమ సగం మందమై, లోతైన ముడతలు పడి, రెండో సగం కంటే ఎన్నో ఏళ్లు పెద్దదిగా కనిపించింది. మన దగ్గర స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి, చిత్తూరు నుంచి మదనపల్లెకో తిరుపతి నుంచి శ్రీకాళహస్తికో ఏళ్ల తరబడి బస్సు నడిపినవారు తమ కుడి చెంపనూ కుడి ముంజేతినీ ఎడమవాటితో పోల్చి చూసుకోవచ్చు.

ఈ మార్పు లోపల ఎలా జరుగుతుందో 1990లలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్యారీ ఫిషర్, జాన్ వూర్హీస్ బృందం వివరంగా చూపింది. అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు చర్మకణాల్లో చురుకైన ఆక్సిజన్ అణువులు పుడతాయి. అవి ఏపీ-1 అనే నియంత్రకాన్ని మేల్కొలుపుతాయి, దాని ఆదేశంతో, చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్ అయిన కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైములు తయారవుతాయి, అదే సమయంలో కొత్త కొల్లాజెన్ తయారీ కూడా మందగిస్తుంది. చర్మం కందిపోవడానికి చాలని కొద్దిపాటి ఎండ కూడా ఈ ఎంజైములను పుట్టించగలదు. చర్మానికి సాగే గుణం ఇచ్చే ఎలాస్టిన్ పోగులు దెబ్బతిని ముద్దకట్టి లోపలి చర్మంలో పేరుకుంటాయి. కొల్లాజెన్ తెగిపోయాక ఇంకొక చిక్కు మొదలవుతుంది. కొల్లాజెన్‌ను తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు ఆ పోగులనే పట్టుకుని సాగి ఉంటాయి, ఆ బిగువు ఉన్నంతకాలమే అవి చురుకుగా పనిచేస్తాయి. పోగులు తెగి, నులక వదులైన మంచంలాగా అల్లిక కుంగిపోయినప్పుడు ఆ కణాలు కూడా ముడుచుకుపోయి, కొత్త పోగు నేయడం తగ్గించి, ఉన్నదాన్ని కత్తిరించే ఎంజైములను మరింత విడుదల చేస్తాయి. చర్మంలోని కొల్లాజెన్‌లో సగం మారడానికే దాదాపు 15 ఏళ్లు పడుతుందని అంచనా. ఇంత నిదానంగా మారే కట్టడాన్ని వారాల్లో తిరగరాస్తామని ఎవరైనా చెబితే సందేహించడానికి ఈ ఒక్క సంఖ్య చాలు.

మన చర్మంలో ముదిమి తెల్లవారి చర్మంలో మాదిరిగా రాదు. హార్వర్డ్‌కు చెందిన థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో ప్రతిపాదించి, తరువాత ఆరు తరగతులకు విస్తరించిన, చర్మం ఎండకు స్పందించే తీరును బట్టి చేసిన వర్గీకరణ ప్రకారం, తెలుగువారిలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లో ఉంటారు. రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి ముడతలు ఆలస్యంగా వస్తాయి, కానీ రంగు మార్పులు ముందే వస్తాయి. బుగ్గల మీద మంగు, కణతల దగ్గర నల్లని చారలు ఇక్కడ ఎండ వేసే తొలి గుర్తులు. పైగా ముదురు రంగు చర్మంలో కంటికి కనిపించే వెలుతురు, ముఖ్యంగా నీలి వెలుతురు కూడా చాలాకాలం నిలిచే నలుపును తెస్తుందని 2010 నుంచి జరిగిన పరిశోధనల్లో తేలింది. పలమనేరు వైపు టమాటా తోటల్లోనో వేరుశనగ చేలలోనో పనిచేసే ఆడవాళ్లు తలకూ ముఖానికీ పాతచీర ముక్క చుట్టుకోవడంలో మంచి వివేకం ఉంది, ఎందుకంటే మందపాటి గుడ్డ అన్ని రకాల వెలుతురునూ అడ్డుకుంటుంది.

ఇక మందు సంగతి. ఎముకమజ్జలోనూ కొవ్వులోనూ ఉండే మీసెంకైమల్ అనే మూలకణాలు శరీరంలోకి ఎక్కించాక కొత్త కణజాలంగా మారి దెబ్బతిన్న చోటును పూడుస్తాయని మొదట్లో ఆశించారు. కానీ ఎక్కించిన కణాల్లో చాలాభాగం కొద్దిరోజుల్లోనే కనిపించకుండా పోతున్నా, కొంత మేలు మాత్రం మిగులుతోందని జంతువులపై జరిగిన ప్రయోగాల్లో బయటపడింది. 2005 ప్రాంతంలో గుండె కండరంపై పనిచేస్తున్న పరిశోధకులు, ఆ కణాలు పెరిగిన ద్రవాన్ని ఒక్కదాన్నే వాడినా ఆ మేలు చాలావరకు కనిపిస్తుందని చూపారు. ఈ కణాలకు 1991లో పేరుపెట్టిన ఆర్నాల్డ్ క్యాప్లన్ కూడా, అవి విడిచే పదార్థాల వల్లనే పనిచేస్తున్నాయని 2017లో గట్టిగా వాదించారు. అలాంటప్పుడు బతికున్న పరాయి కణాన్ని ఎక్కించి అది ఎలా ప్రవర్తిస్తుందోనని భయపడే బదులు, అది విడిచినదాన్ని మాత్రం తీసుకుంటే సరిపోతుంది కదా అన్న ఆలోచన పుట్టింది. ఈ ఆలోచనకు లాభాలు ఉన్నాయి. కణాలు లేని ద్రవం శరీరంలో విభజన చెందదు, గడ్డకట్టించి పొడిచేసి నిల్వ ఉంచవచ్చు, కావలసినప్పుడు కలుపుకోవచ్చు.

కణాలు విడిచే వాటిలో ప్రస్తుతం ఎక్కువ పేరున్నవి ఎక్సోజోములు. ఇవి 30 నుంచి 150 నానోమీటర్ల వ్యాసం గల కొవ్వుపొర సంచులు. లేత ఎర్రరక్తకణాలు పక్వమయ్యేటప్పుడు వీటిని బయటికి నెడుతున్నాయని 1983లో రెండు బృందాలు వేర్వేరుగా గమనించినప్పుడు, అవి కణం వదిలించుకునే వ్యర్థమనే అనుకున్నారు. 2007లో స్వీడన్‌లోని యాన్ లోట్వాల్ బృందం ఈ సంచుల్లో ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ ఉందని, ఒక కణం విడిచిన సంచి ఇంకొక కణంలోకి చేరి అక్కడ ప్రొటీన్ తయారీని మార్చగలదని చూపడంతో వాటి గౌరవం ఒక్కసారిగా పెరిగింది. చర్మం విషయంలో 2019లో నార్త్ కరొలైనాకు చెందిన బృందం ఒక ముఖ్యమైన ప్రయోగం చేసింది. మనిషి చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలను ఉండలుగా పెంచి, వాటి నుంచి తీసిన ఎక్సోజోములను, యూవీ-బి తో దెబ్బతీసిన వెంట్రుకలు లేని ఎలుకల చర్మంలోకి సూది లేని పరికరంతో పంపినప్పుడు, కొల్లాజెన్ తయారీ పెరిగి, దాన్ని కత్తిరించే ఎంజైము తగ్గింది. ఫలితం ఆశాజనకమే, కానీ ఎలుక చర్మం మనిషి చర్మం కంటే బాగా పలచనిది, కొన్ని వారాలపాటు దీపం కింద ఉంచి దెబ్బతీసిన చర్మానికీ నలభై ఏళ్లు పొలంలో ఎండిన చర్మానికీ పోలిక కొంతవరకే కుదురుతుంది.

ఈ కుటుంబంలో మరికొన్ని ఉన్నాయి. మూలకణాలు పెరిగిన ద్రవాన్ని సంచులను వేరుచేయకుండా మొత్తంగా వాడేది ఒక పద్ధతి. రోగి రక్తాన్నే తీసి తిప్పి, ప్లేట్‌లెట్లు దాచుకున్న పెరుగుదల కారకాలను వాడే పీఆర్‌పీ ఇంకొకటి. పీఆర్‌పీలో ప్లేట్‌లెట్లు ఉంటాయి కాబట్టి దాన్ని కచ్చితంగా కణరహితం అనలేము, వాటిని పగలగొట్టి సారం మాత్రం తీసుకుంటే అనవచ్చు. సాల్మన్ చేప వీర్యం నుంచి తీసి శుద్ధిచేసిన డీఎన్ఏ ముక్కలతో చేసే పీడీఆర్‌ఎన్ ఇంజెక్షన్లు కొరియా నుంచి వచ్చి ప్రచారం పొందాయి, వీటి వాడకం నిజానికి ఇటలీలో పుండ్లు మాన్పడానికి మొదలైంది. చేప జన్యువులు మన చర్మంలో కలుస్తాయేమోనని కొందరు భయపడతారు గాని, ఆ ముక్కలు కణం పైనున్న అడెనోసిన్ గ్రాహకాన్ని తట్టి పనిచేస్తాయే తప్ప మన జన్యువుల్లో చేరవు.

మొదటి చిక్కు సీసాలోనే ఉంది. ఒక్కో సీసాలో ఇన్ని వందల కోట్ల ఎక్సోజోములు ఉన్నాయని చీటీ మీద కనిపిస్తుంది. ఆ సంఖ్యను సాధారణంగా ద్రవంలో కదిలే రేణువులను వెలుగు సాయంతో లెక్కించే యంత్రం ఇస్తుంది, ఆ యంత్రానికి ఎక్సోజోముకూ అదే పరిమాణంలో ఉన్న కొవ్వు రేణువుకో ప్రొటీన్ ముద్దకో తేడా తెలియదు. కణాలను పెంచే ద్రవంలో దూడ పిండపు సీరం కలిపితే ఆవు ఎక్సోజోములు కూడా అందులోకి వస్తాయి. దాత వయసు, కణాలను ఎన్నిసార్లు తిరిగి నాటి పెంచారన్నది, వేరుచేయడానికి అతివేగపు సెంట్రిఫ్యూజ్ వాడారా వడపోత వాడారా అన్నది, ఇవన్నీ సీసాలోని సారాన్ని మార్చేస్తాయి. అందుకే ఈ రంగంలోని అంతర్జాతీయ సంఘం 2014, 2018, 2023 పేర్లతో మార్గదర్శకాలు ప్రచురించి, ఎక్సోజోముల పొర మీద ఉండే సీడీ9, సీడీ63, సీడీ81 వంటి ప్రొటీన్ గుర్తులు చూపాలని, ఏ మలినాలు మిగిలాయో కూడా చెప్పాలని కోరుతోంది. పారాసెటమాల్ బిళ్ల ఏ కంపెనీది కొన్నా లోపల ఒకే అణువు ఉంటుంది. రెండు కంపెనీల ఎక్సోజోమ్ సీసాల విషయంలో ఆ హామీ లేదు, కాబట్టి ఒకదానిపై వచ్చిన ఫలితాన్ని ఇంకొకదానికి అన్వయించడానికీ వీలులేదు.

రెండవ చిక్కు చర్మపు గడప దగ్గర. చర్మం పైపొర 10 నుంచి 20 మైక్రాన్ల మందమే ఉన్నా బయటి వస్తువులను ఆపడంలో చాలా గట్టిది. 500 డాల్టన్ల కంటే బరువైన అణువులు దాన్ని దాటడం కష్టమని చర్మవైద్యంలో 2000 సంవత్సరం నుంచి ప్రచారంలో ఉన్న నియమం. పెరుగుదల కారకాల్లో చిన్నదైన ఈజీఎఫ్ బరువే 6,000 డాల్టన్లు దాటుతుంది, ఎక్సోజోము దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి సీరంగా పైన రాసుకునే ఎక్సోజోము చెక్కుచెదరని చర్మాన్ని దాటి లోపలి ఫైబ్రోబ్లాస్టుల దాకా చేరుతుందని నమ్మడానికి ఆధారాలు బలహీనం. అందుకే చికిత్సాలయాల్లో ముందు సన్నని సూదులతో గాట్లు పెట్టే మైక్రోనీడ్లింగ్ చేసో లేజర్‌తో సన్నని రంధ్రాలు చేసో ఆపైన ద్రవాన్ని రాస్తారు.

అసలు ముడి ఇక్కడే పడుతుంది, ఎందుకంటే సూదిగాటూ లేజర్ గాయమూ మందు ఏమీ లేకుండానే కొల్లాజెన్‌ను పెంచుతాయి. మైక్రోనీడ్లింగ్ మొదటి నుంచీ వాడుకలోకి వచ్చింది అందుకోసమే. 2020లో కొరియా పరిశోధకులు 25 మంది మొటిమల మచ్చల రోగులపై చేసిన పరీక్ష ఈ విషయాన్ని బాగా చూపుతుంది. ముఖమంతా కార్బన్ డయాక్సైడ్ లేజర్ చేసి, ఒక సగానికి కొవ్వు మూలకణాల ఎక్సోజోమ్ జెల్, రెండో సగానికి ఉత్త జెల్ రాశారు. మచ్చల తీవ్రత ఎక్సోజోమ్ వైపు 32.5 శాతం తగ్గింది. ఉత్త జెల్ రాసిన వైపు కూడా 19.9 శాతం తగ్గింది. ఎక్సోజోముకు దక్కిన వాటా ఉంది, కానీ రోగి అద్దంలో చూసుకుని మురిసిపోయే మార్పులో సగానికి పైగా లేజర్‌దే. రెండో సగాన్ని ఖాళీగా ఉంచే ఓపిక లేని పరీక్షల్లో, ముందు ఫొటో తరువాత ఫొటో చూపే ప్రకటనల్లో, ఈ రెండు వాటాలూ కలిసిపోయి మొత్తం కీర్తి సీసాకు చేరిపోతుంది. పైగా ఇది మొటిమల మచ్చల సంగతి. ఎండ ముదిమిపై జరిగిన మానవ పరీక్షలు చిన్నవి, ఎక్కువగా కొన్ని వారాలపాటు సాగినవి.

దీనికి తోడు 2007లో మిషిగన్ బృందమే చేసిన ఒక ప్రయోగం ప్రస్తావించదగినది. ఎండకు ముదిరిన ముంజేతి చర్మంలోకి హైలురోనిక్ ఆమ్లపు జెల్‌ను ఎక్కించి, ఉప్పునీరు ఎక్కించిన చోటుతో పోల్చినప్పుడు, జెల్ చుట్టూ కొత్త కొల్లాజెన్ తయారైంది. ఆ జెల్‌లో ఆర్‌ఎన్‌ఏ లేదు, పెరుగుదల కారకం లేదు. కుంగిపోయిన అల్లికను అది లోపలి నుంచి నెట్టి బిగించడంతో, ముడుచుకున్న ఫైబ్రోబ్లాస్టులు తిరిగి సాగి పని మొదలుపెట్టాయని పరిశోధకులు వివరించారు. కణరహితమైన పునరుద్ధరణ అంటే ఏదో గూఢమైన సందేశమే కావాలన్న అభిప్రాయాన్ని ఈ ఫలితం సడలిస్తుంది. ఎక్సోజోమ్ చికిత్స తరువాత చర్మం కొద్దిగా ఉబ్బి నిగనిగలాడినప్పుడు, అందులో సందేశం ఎంత, సూదిగాటుకు వచ్చిన వాపు ఎంత అని అడగడానికి ఇది మంచి కారణం.

నాలుగు, ఐదు తరగతుల చర్మంలో ఆ వాపుకు వేరే పర్యవసానం ఉంటుంది. ఏ గాయమైనా మానేటప్పుడు ఆ చోట నలుపు మిగలడం మన చర్మానికి సహజ స్వభావం. దోమకాటు మచ్చ నెలల తరబడి పోకపోవడం అందరికీ తెలిసిందే. లేజర్ తీవ్రత పెరిగినా, సూది లోతు మించినా, మరుసటి రోజు నుంచి ఎండలో తిరిగినా, మంగు కోసం వెళ్లినవారు మరింత నలుపుతో తిరిగి రావచ్చు. గాట్లు పడిన చర్మంపై రాసేది శుభ్రమైనది కాకపోతే ప్రమాదం ఇంకా పెద్దది. మైక్రోనీడ్లింగ్ తరువాత రాసిన సీరముల వల్ల ముఖంపై గడ్డలు లేచిన ముగ్గురు మహిళల ఉదంతాన్ని అమెరికా చర్మవైద్యులు 2014లో నివేదించారు. న్యూ మెక్సికోలో అనుమతి లేని ఒక స్పాలో రక్తపు సారంతో చేసిన ముఖ చికిత్సల వల్ల హెచ్‌ఐవీ సోకిందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో ప్రకటించింది. ఇవేవీ ఎక్సోజోములు చేసిన హాని కాదు, వాటిని లోపలికి పంపే దారిలో జరిగే హాని. ఎక్సోజోముల గురించి విడిగా ఉన్న సందేహం మరొకటి ఉంది. ఏళ్ల తరబడి ఎండ సోకిన చర్మంలో క్యాన్సర్‌కు ముందటి మార్పులు దాగి ఉండవచ్చు, అలాంటి చోట కణాల పెరుగుదలను ప్రోత్సహించే సందేశాలు పంపడం ఎంతవరకు క్షేమమో దీర్ఘకాలపు పరీక్షలే చెప్పాలి. మానని పుండు, గరుకైన పొలుసు, రంగు మారుతున్న మచ్చ ముఖం మీద ఉంటే ముందుగా దాన్ని రుయా ఆసుపత్రిలోనో, చిత్తూరువారికి అలవాటైన వేలూరులోనో చర్మవైద్యునికి చూపించుకున్న తరువాతే సౌందర్య చికిత్సల ఆలోచన చేయాలి.

వీటన్నిటి పక్కన పెట్టి చూడవలసిన పాత మందు ఒకటి ఉంది. ఎండకు ముదిరిన చర్మంపై, విటమిన్ ఏ కుటుంబానికి చెందిన ట్రెటినాయిన్ పూత పనిచేస్తుందని ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1986లో చూపారు. ఏపీ-1 మార్గాన్నే అది అడ్డుకుంటుందని తరువాత మిషిగన్ బృందం వివరించింది. చవకైనది, చిన్న అణువు కాబట్టి సూది అవసరం లేనిది. మొదటి వారాల్లో చర్మం ఎర్రబడి పొట్టు లేస్తుంది, ఫలితానికి నెలలు పడుతుంది, గర్భిణులు వాడకూడదు, వైద్యుని చీటీ మీదనే కొనాలి. మందుల దుకాణాల్లో మంగు క్రీము పేరుతో అడిగి తెచ్చుకునే గొట్టాల్లో ట్రెటినాయిన్‌తో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుందని, నెలల తరబడి రాస్తే అదే చర్మాన్ని పలచబరుస్తుందని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

సన్‌స్క్రీన్ విషయంలో ఉన్నంత గట్టి ఆధారం ఈ రంగంలో అరుదు. ఆస్ట్రేలియాలోని నాంబోర్ పట్టణంలో 55 ఏళ్లలోపు 903 మందిని 1992 నుంచి నాలుగున్నరేళ్లు గమనించి, చేతి వెనుక చర్మపు అచ్చులు తీసి పోల్చగా, రోజూ సన్‌స్క్రీన్ రాసినవారిలో చర్మపు ముదిమి ఇష్టమున్నప్పుడు రాసుకున్నవారి కంటే 24 శాతం తక్కువగా కనిపించింది. ఆ పరీక్షలోనివారు ప్రధానంగా తెల్లచర్మం వారు, మనకు ఆ శాతం యథాతథంగా వర్తించదు. మంగు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు, ఎందుకంటే అది నీలి వెలుతురును కూడా ఆపుతుంది. కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి బయటికి వచ్చే భక్తుల సంగతి కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఏళ్లుగా ఎండ చూడని నెత్తిచర్మం ఒక్కసారిగా బయటపడుతుంది, దాని మీద రాసే గంధం చల్లదనం ఇస్తుందే గాని దాన్ని సన్‌స్క్రీన్‌గా లెక్కించలేము. తువ్వాలు కప్పుకోవడం మేలు.

ఇక చట్టం మాట. నెబ్రాస్కా రాష్ట్రంలో ఎక్సోజోమ్ పేరుతో ఇచ్చిన మందుల వల్ల రోగులకు తీవ్ర దుష్ప్రభావాలు కలిగిన తరువాత, తాము ఆమోదించిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఏదీ లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 డిసెంబరులో హెచ్చరించింది. మానవ కణాల నుంచి వచ్చిన పదార్థాలను సౌందర్య సాధనాల్లో వాడడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది, అక్కడి సీరములలో మొక్కల నుంచి తీసిన రేణువులు కనిపించడానికి ఇదొక కారణం. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే రక్తోత్పాదక మూలకణాల మార్పిడి తప్ప మిగిలిన మూలకణ చికిత్సలన్నీ అనుమతి పొందిన క్లినికల్ పరీక్షలోనే జరగాలి. కణాలు లేవు కాబట్టి ఆ నియమం తమకు అంటదన్న వాదన వినిపించవచ్చు. కానీ కొత్త మందుగా వాడాలంటే 2019 నాటి కొత్త ఔషధాల నిబంధనల కింద భద్రతనూ ఫలితాన్నీ నిరూపించవలసిందే. ఇలాంటి సీసాల్లో చాలావాటిపై పైపూతకు మాత్రమే అని ముద్రించి ఉంటుంది. చికిత్సాలయంలో సీసాను చేతిలోకి తీసుకుని ఆ వాక్యం ఉందేమో చదవడం, ఉంటే గాట్లు పెట్టి లోపలికి పంపడానికి అనుమతి ఎక్కడిదని అడగడం రోగి హక్కు. ఇది పరిశోధన అని జవాబు వస్తే, మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి క్లినికల్ పరీక్షా సీటీఆర్‌ఐ అనే జాతీయ పట్టికలో ముందుగా నమోదు కావాలి. ఆ పట్టికను ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు, నమోదైన పరీక్షకు ఒక సంఖ్య ఉంటుంది, అందులో రెండో సగం ముఖానికి ఏం రాస్తున్నారో కూడా రాసి ఉంటుంది.